ఎందుకు అనే గడి

చిలకలగూడలో మా ఇంటి పై వాటాలోకి జ్ఞానశేఖర్ కుటుంబం వచ్చి ముప్పై నాలుగేళ్లయింది. వచ్చినప్పుడు ముగ్గురు. ఆయన, భార్య సువార్త, ఎనిమిదేళ్ల కూతురు షెకీనా. ఇప్పుడు పై మెట్టు మీద ఒక్క జత చెప్పులే ఉంటాయి.

ఆ చెప్పులు పొద్దున ఏడున్నరకు దిగి వెళ్తాయి, సాయంత్రం ఏడున్నరకు తిరిగి ఎక్కుతాయి. మధ్యలో షెకీనా స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కి, ఊరి అవతలి కొసన ఉన్న గాజు భవనానికి పోయి, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి దిద్ది వచ్చేది. పదిహేడేళ్లు అదే పని. ఆ కంపెనీలో కొత్తవి రాసేవాళ్లు వేరు, రాసినవి చెడిపోతే బాగుచేసేవాళ్లు వేరు. కొత్తది రాసి ఇచ్చిన రోజున కేకు కోస్తారట. బాగుచేసిన రోజున ఏమీ కోయరు.

"బాగైపోయాక అక్కడ ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు అంకుల్. గుర్తుండకపోతేనే మేం బాగా చేసినట్టు" అని ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆ మాట నాకు కొత్త కాదు. వాళ్ల నాన్న కూడా అలాగే అనేవాడు.

జ్ఞానశేఖర్ ప్రూఫ్ రీడరు. రాంగోపాల్‌పేటలో ఇప్పుడు టైల్స్ దుకాణం ఉన్నచోట ఒక ప్రెస్సు ఉండేది. అక్కడ పదిహేనేళ్లపాటు ఆయనా నేనూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. చేతిరాత ప్రతిని పైకి చదవడం నా పని. నేను చదువుతుంటే ఆయన అచ్చు కాగితం మీద వేలు జరుపుకుంటూ పోల్చి చూసేవాడు. కామా వస్తే కామా అని, చుక్క వస్తే చుక్క అని చదవాలి. ఎంత జాగ్రత్తగా చూసినా కొన్ని మిగిలేవి. వాటికోసం పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసేవాళ్లం. రెండు గడులు. ఇటు తప్పు, అటు ఒప్పు.

జ్ఞానశేఖర్ తన సొంత పుస్తకంలో మూడో గడి గీసుకున్నాడు. దానిపైన 'ఎందుకు' అని రాశాడు. అక్షరాలు పేర్చే కంపోజిటరుకు ఆ అక్షరం అచ్చు దొరకలేదు. రచయిత చేతిరాతలో 'ప'కీ 'వ'కీ తేడా లేదు. కరెంటు పోయింది. నేను కునుకు తీశాను. ఇలా. సెలవుల్లో షెకీనా ప్రెస్సుకు వచ్చినప్పుడు తప్పూ ఒప్పూ వదిలేసి ఆ గడి ఒక్కటే చదువుకునేది.

"నిద్రపోయానని రాసేసుకున్నావేంటి నాన్నా?"

"రాసుకోకపోతే మళ్లీ పోతానమ్మా."

ఆ గడి ఆమెతోపాటే కంపెనీకి వెళ్లింది. దిద్దిన ప్రతి తప్పుకూ ఒక వరుస రాసిపెట్టుకునేది. పక్కసీటు కల్పలత ఆటపట్టించేదట. "ఏందక్కా, పోలీస్ స్టేషన్ల రిపోర్టు రాస్తున్నవా? దిద్దినవ్ గద, ఇగ పోనియ్యి!" అని.

సువార్తమ్మ పోయాక తండ్రీ కూతుళ్లు ఇద్దరే ఉన్నారు. ఆరేళ్ల కిందట ఆయనా పోయాడు. షెకీనాకు పెళ్లి మాటలు రెండుసార్లు వచ్చాయి, రెండుసార్లూ మెట్ల దగ్గరే ఆగిపోయాయి. ఎందుకో ఆమె చెప్పలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా వరండాలో కూర్చుని నాతో పేపరు చదివేది. చదవడమంటే వార్తలు కాదు. చెరో పెన్సిలూ పట్టుకుని అచ్చు తప్పులకు సున్నా చుట్టడం. ఎవరికి ఎక్కువ దొరికితే వాళ్లు గెలిచినట్టు. వాళ్ల నాన్న ఉన్నప్పుడు ముగ్గురం ఆడేవాళ్లం. ఇప్పుడు ఆమే గెలుస్తుంది. నా కళ్లు మందగించాయి. నేను గెలవాలని కొన్ని వదిలేస్తుందనీ నాకు తెలుసు.

రెండేళ్ల కిందట వాళ్ల ఆఫీసులోకి తప్పులు తనంతట తానే దిద్దే యంత్రం వచ్చింది. యంత్రమంటే ఇనుముది కాదు, అదీ ఒక ప్రోగ్రామే. చెడిపోయిన దాన్ని చూపిస్తే దిద్ది ఇస్తుంది. "ఇగ మన దుకాణం బంద్" అని కల్పలత తల పట్టుకుందట. షెకీనా మాత్రం ఆ ఆదివారం పేపరు మడిచి పక్కన పెట్టి, చాలాసేపు దాని గురించే మాట్లాడింది. అంత మాట్లాడటం నేను అంతకుముందు ఎరగను.

"తప్పు చూపిస్తుంది అంకుల్, ఒప్పు రాసిస్తుంది. ఎందుకూ అంటే మాత్రం ఏదో ఒకటి చెప్తుంది. మనం అడిగాం కాబట్టి చెప్పినట్టు ఉంటుంది."

"మరైతె నువ్వే నేర్పియ్యరాదు దానికి?"

నేను మాటవరసకు అన్నాను. ఆమె మాటవరసకు తీసుకోలేదు. శనివారాలు ఊళ్లో ఒక విద్యాసంస్థలో ఉపన్యాసాలకు వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ విజయేందర్ అనే ప్రొఫెసరుకు ఈమె అడిగే ప్రశ్నలు నచ్చాయి. కంపెనీ కాగితాలు బయటికి తేకూడదు కాబట్టి తన పదిహేడేళ్ల పట్టికను అక్కడే వదిలేసి, అలవాటు మాత్రం వెంట తెచ్చుకుంది. విద్యార్థులు రాసి అందరికీ అందుబాటులో పెట్టిన ప్రోగ్రాముల్లోంచి చెడిపోయినవి రెండు వందలు ఏరుకుంది. వాటిని దిద్దే ప్రోగ్రామును సొంతంగా రాసుకుంటూ ఏడాదిన్నర గడిపింది. పైన కుర్చీ జరిగిన చప్పుడు తప్ప నాకేమీ వినిపించేది కాదు.

మొన్న మార్చిలో ఒక ఆదివారం వచ్చి, పెన్సిలు తీసుకోకుండా కూర్చుంది.

"రాజీనామా ఇచ్చేశాను అంకుల్."

"ఏందీ?"

"మూడు నెలల నోటీసు. జూన్ ఆఖరుకి అయిపోతుంది. అదే నెల పద్దెనిమిదిన పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఉంది."

"ఇంటర్వ్యూ కాకముందే నౌకరీ ఇడిసిపెట్టినవా? గిట్ల జేస్తరా ఎవరన్న?"

"చేరే రోజుకి కంపెనీ వదిలిపెట్టినట్టు కాగితం చూపించాలి. ఇప్పుడివ్వకపోతే అప్పటికి అందదు. వచ్చే ఏడాది చూద్దాం, వచ్చే ఏడాది చూద్దాం అని నలభై రెండొచ్చాయి."

"వాళ్లు తీసుకోకపోతె?"

అప్పుడు ఫోను తెరిచి ఒక అంకె చూపించింది. రెండు వందల్లో నూట ఇరవై నాలుగు. ఆమె రాసిన ప్రోగ్రాము ఇన్ని బాగుచేసిందట. "వందకి అరవై రెండు అంకుల్. విజయేందర్ గారు ఇది చూసి, ఇగ నీకు ఫికర్ లేదమ్మా అన్నారు." ఆ మాటను ఆయన యాసలోనే చెప్పి నవ్వింది. ఆమె ముఖంలో అలాంటి వెలుగు చూసి చాలా ఏళ్లయింది. అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ బల్లకు అవతల పదిహేనేళ్లు కూర్చున్న అలవాటు నన్ను ఊరుకోనివ్వలేదు.

"బాగైందని ఎట్ల తెలుస్తదమ్మా?"

"ప్రతి ప్రోగ్రాముకీ కొన్ని పరీక్షలుంటాయి. ఇది ఇస్తే ఇది రావాలి అని. అన్నీ పాసైతే బాగైనట్టు."

"అంటే, సదువుకుంట పోతె యాడ తట్టుకోకపోతె తప్పు లేనట్టేనా?"

"దాదాపు అంతే."

నేను లోపలికి వెళ్లి బీరువాలోంచి జ్ఞానశేఖర్ పుస్తకం తీసుకొచ్చాను. ప్రెస్సు మూసిన రోజున ఆయన దాన్ని నా చేతిలో పెట్టి "నీ దగ్గరుంచు, ఇంటికి తీసుకెళ్లలేను" అన్నాడు. వెనక అట్ట లోపల విడిగా రాసుకున్న ఒక్క వరుస కూతురి కంట పడకూడదని ఆయన ఉద్దేశం. ఆయన పోయాక కూడా నేను ఆ మాట నిలబెట్టాను. ఆ రోజు తప్పాను.

"మీ చర్చిల గొర్రెల కాపరి పాట పాడ్తరు గద. రెండో చరణంల ఒక్కతాన సాగదీస్తరు. ఎందుకో ఎరుకనా?"

వాళ్ల చర్చి మా సందు చివరే. ఆదివారం కిటికీలు తెరిస్తే పాటలన్నీ మా వరండాలోకే వస్తాయి.

"ఆ రాగమే అంత కదా అంకుల్."

"రాగం గాదమ్మా. అది మీ నాయన."

ఎనభై తొమ్మిదిలో ఆ చర్చి యాభై ఏళ్ల పండుగకు సొంత పాటల పుస్తకం వేయించుకున్నారు. అందులో ఆ పాట బొల్లారంలో ఉండే కుసుమకుమారి టీచరు రాసింది. ఒంటరి మనిషి. నోటుబుక్కు ఇచ్చిన నెలకే ఆమె కన్నుమూసింది, ప్రూఫు చూసుకోలేదు. నేను పైకి చదువుతూ 'తొంబది తొమ్మిదిని విడిచి' దగ్గర ఆగిపోయాను. తర్వాతి మాట మీద నీళ్లు పడి సిరా అలుక్కుపోయింది. దాని తర్వాత 'వెదకిన కాపరీ' అని స్పష్టంగానే ఉంది.

జ్ఞానశేఖర్ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "దాని" కావచ్చన్నాడు, "ఒకటి" కావచ్చన్నాడు. కింద మిషను వాళ్లు తొందర పెడుతున్నారు. అడగడానికి రాసిన మనిషి లేదు. చివరికి, "అందరికీ తెలిసిన బైబిలు కథేనయ్యా. తొంభై తొమ్మిదిని వదిలి దేన్ని వెతుకుతాడు, తప్పిపోయిన గొర్రెనే కదా. ఆ మాట తీసెయ్, వాక్యం నిలబడుతోంది" అన్నాడు.

నిలబడింది. 'తొంబది తొమ్మిదిని విడిచి వెదకిన కాపరీ.' చదివితే ఎక్కడా తట్టుకోదు. రాగం కట్టినవాళ్లు అచ్చు పుస్తకం చూసే కట్టారు. రెండక్షరాలు చాలక 'విడిచీ' అని సాగదీశారు. కథ తెలిసినవాళ్లు కాబట్టి ఎవరికీ లోటు తోచలేదు. కథ తెలియనివాడు ఎవడైనా విని ఉంటే, దేన్ని వెతికాడు అని అడిగేవాడేమో. నాకు కథ తెలియదు, కానీ నేను ఆయన్ని అడగలేదు.

పుస్తకాలు పంచేశాక టీచరుగారి చెల్లెలు చిత్తుప్రతి పట్టుకొచ్చింది. అలుక్కుపోయిన మాట 'నన్ను'.

ఆ రోజు జ్ఞానశేఖర్ తన పుస్తకం తీసి వెనక అట్ట లోపల ఒక వరుస రాసుకున్నాడు. తర్వాత, "ఆమె గొర్రె గురించి రాయలేదు వేణూ. తన గురించి రాసుకుంది. నేను ఆమెను తీసేశాను" అన్నాడు.

షెకీనా పుస్తకం అందుకుని ఆ వరుస చదివింది. తప్పు: విడిచి వెదకిన. ఒప్పు: విడిచి నన్ను వెదకిన. ఎందుకు: తెలుసనుకున్నాను.

"ఆ చరణం దగ్గర నాన్న కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ప్రతిసారీ. చర్చిలో దుమ్మెక్కువ అనుకునేదాన్ని" అంది. పుస్తకం మూసి, "ఇది నేను పైకి తీసుకెళ్లనా?" అని అడిగింది.

తర్వాత రెండు నెలలు దాటినా ఆమె ఆదివారం పేపరుకు రాలేదు. నూట ఇరవై నాలుగింటినీ ఒక్కొక్కటే చేత్తో చదువుతోందని నాకు అర్థమైంది. జూన్ రెండో ఆదివారం కాగితాల కట్ట పట్టుకుని దిగింది. కళ్ల కింద చారలు.

"ఇది చూడండి అంకుల్. బస్సు టికెట్ల ప్రోగ్రాము. పిల్లలకి అర టికెట్టు కొట్టాలి. ఆ లెక్క వేసే లైన్లోనే తప్పుంది. అందుకే ఎవరు ఎక్కినా ప్రోగ్రాము ఆగిపోతోంది. నాది ఎలా బాగుచేసిందో తెలుసా? ఆ లైనే తీసేసింది."

"మరి పరీక్ష?"

"పరీక్షలన్నీ పెద్దవాళ్లవే. ఒక్క పిల్ల కూడా బస్సెక్కలేదు. అన్నీ పాస్." కాగితాన్ని మడిచి మళ్లీ విప్పింది. "బస్సులో పిల్లలే లేకుండా చేసేసి, బాగైపోయిందని నాకు చెప్పింది. నేను నమ్మాను."

అలాంటివి ఎనభై ఒకటి తేలాయి. నిజంగా బాగుపడినవి నలభై మూడు.

ఇంటర్వ్యూ ఇంకా తొమ్మిది రోజులుంది. ఉద్యోగం ఇరవై ఒక్క రోజుల్లో పోతుంది. మా వరండాలోంచే విజయేందర్‌కు ఫోను చేసి, నేనూ వినాలనేమో, స్పీకరు పెట్టింది.

"నలభై మూడేంది షెకీనా? నూట ఇర్వై నాలుగు గద ఉండె!"

"చదివి చూశాను సార్. మిగతావి పరీక్షలు పాసయ్యాయి, అంతే. బాగవలేదు."

"అగో, నిన్నెవరు సదవమన్నరు?" అని నవ్వి, మళ్లీ గొంతు తగ్గించాడు. "సూడమ్మా. పరీక్షలు పాసైనయంటే చానామంది గట్లనే లెక్కవెడ్తరు. 'నూట ఇర్వై నాలుగు పాసైనయి' అని రాయి. అండ్ల అబద్ధం ఏమున్నది? సీట్లు రెండే. నీతోని కూసునేటోళ్లందరు ఇర్వై మూడు, ఇర్వై నాలుగేండ్లోళ్లు. నిన్ను కమిటీల నిలవెట్టేది గా నంబరొక్కటే. జెర సోంచాయించు."

"అలాగే సార్."

ఫోను పెట్టేశాక నావైపు చూసింది. నేను ఏదైనా చెబుతానని కాబోలు. రాజీనామా వెనక్కి తీసుకోవచ్చేమో కనుక్కోమన్నాను.

"అడిగాను అంకుల్. నా చోటుకి వేరేవాళ్లని తీసేసుకున్నారట అప్పుడే." కాగితాల కట్ట సర్దుకుంటూ, "సార్ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే కష్టంగా ఉంది. వాక్యం నిలబడుతోంది" అంది.

ఆ మాట వాళ్ల నాన్నదని ఆమెకు తెలిసే అందో, తెలియక అందో.

పద్దెనిమిదిన నీలం అంచు చీర కట్టుకుని వెళ్లింది. సాయంత్రం వచ్చి మెట్ల మీదే కూర్చుని జరిగింది చెప్పింది. అయిదుగురున్నారట. రెండు అంకెలూ పక్కపక్కన రాసి ముందుపెట్టింది. దానికింద ఎనభై ఒక్క వరుసల పట్టిక పెట్టింది. ప్రోగ్రాము చేసిన తప్పు, చేయాల్సిన ఒప్పు, ఎందుకు అలా చేసింది. ఒకాయన, "అయితే ఈ ఎనభై ఒకటీ మీరు ఫెయిలైనవే కదా?" అని అడిగాడు.

"అవునండీ. వీటి మీదే పని చేద్దామనుకుంటున్నాను" అని చెప్పిందట.

"ఇంకేమడిగిన్రు?"

"ఒకావిడ పట్టిక చివరిదాకా తిప్పి చూశారు. మిగతావాళ్లు గడియారం చూశారు."

వారానికి జాబితా వచ్చింది. రెండు పేర్లు. ఆమెది లేదు.

ఆ రోజు ఆమె మామూలుగానే ఏడున్నరకు వచ్చింది, మామూలుగానే పైకి వెళ్లింది. నేను టీ పెట్టి గ్లాసు మెట్ల దాకా తీసుకెళ్లాను. పైన కుర్చీ చప్పుడైనా లేదు. కాసేపు నిలబడి, చల్లారిన టీ నేనే తాగాను. ఆ పుస్తకం బీరువాలోనే ఉండనిస్తే బాగుండేదా అని ఆ రోజు చాలాసార్లు అనుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను.

కంపెనీలో ఆఖరి రోజున కేకు కోశారు. పదిహేడేళ్లలో ఆమె కోసం కోసిన మొదటిది. దానిమీద పేరు 'షకీనా' అని ఉందట.

"చెప్పకపోతివా?"

"తినేశాను అంకుల్, తప్పుతో సహా."

జూలై మొదటివారంలో విజయేందర్ ఫోను చేశాడు. పట్టిక తిప్పి చూసిన ఆవిడ ఆ కాగితాలు తనతో ఇంటికి తీసుకెళ్లిందట. ఆవిడ మాట మీద, ఆయన ప్రయోగశాలలో ఒక ఏడాదికి పని ఉంది. పీహెచ్‌డీ కాదు. యంత్రాలు దిద్దినవి కుప్పలుగా వస్తాయి, అవి నిజంగా బాగైనవో కావో మనిషి కూర్చుని చదివి గుర్తు పెట్టాలి. "వచ్చే ఏడు మల్ల ఇంటర్వ్యూకు రావొచ్చు. గ్యారంటీ అయితె ఇయ్యలేనమ్మా" అన్నాడు. ఈమె ఒప్పుకుంది. జీతం సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు కూడా చెప్పులు ఏడున్నరకే దిగుతాయి. ప్రయోగశాల వరండా చివర కిటికీ ఉన్న గది ఇచ్చారట, ఒక్కతే కూర్చుంటుంది. అక్కడ చదివే పిల్లలు కలిసి క్యాంటీనుకు వెళ్తారు. మొదటి రోజు పిలిచారు, ఈమె చదువుతున్నది ముగించి వస్తానంది. వెళ్లేసరికి వాళ్లు లేచిపోయారు. రెండో రోజు నుంచి పిలవడం లేదు. చెడ్డవాళ్లేం కాదు, మేడం అని లేచి నిలబడతారు. "పైకి చదివేవాళ్లు ఎవరైనా అవతల కూర్చుంటే బావుండును అంకుల్" అని మాత్రం ఒకసారి అంది.

నలభై మూడు అన్నందుకు ఏనాడైనా బాధపడ్డావా అని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం పోయిన ఆదివారం తీరిపోయింది.

ఆ రోజు చర్చిలో కాపరి పాట ఎత్తుకున్నారు. నేను పేపరు దించి విన్నాను. రెండో చరణం వచ్చింది. 'విడిచీ' అని వందమంది సాగదీశారు. ఎప్పటిలాగే ఉంది. ఆ సాగదీతలో ఒక గొంతు వేరేగా ఏమైనా అంటోందేమోనని చెవి ఒగ్గాను. సందు చివరి నుంచి ఒక్క గొంతు ఎలా వినిపిస్తుంది?

పన్నెండింటికి ఆమె వచ్చి పెన్సిలు తీసుకుంది.

"పాడినవా?" అన్నాను.

తల ఊపింది. "పాడాను. 'నన్ను' సరిగ్గా అక్కడ పడుతుంది అంకుల్. దానికోసమే చోటు ఉంచినట్టు."

"ఎవరన్న విన్నరా?"

"పక్కన బ్యూలా ఆంటీ విన్నారు." పేపరు విప్పి మొదటి పేజీ మీదికి వంగింది. "నావైపు చూసి, పాట ఆపి, పుస్తకంలో ఆ లైను మీద వేలు పెట్టి చూపించారు. తప్పు పాడుతున్నావమ్మా అని."